స్వానుభవభాణము: ఏకపాత్ర హాస్యప్రదర్శనమును గూర్చిన విచారము

ప్రస్తావన

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరు అను పేటలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. మద్రాసునుండి పరిశ్రమ క్రమక్రమముగ తరలివచ్చిన పిదప స్టూడియోలును, నటుల గృహములును, రచయితల బసలును ఈ గుట్టలమీదనే యేర్పడినవి. ఈ పేటలయందును, పొరుగుననున్న బంజారాహిల్సునందును గడచిన పదునైదేండ్లలో నొక క్రొత్త ప్రదర్శనము వ్యాప్తి జెందినది. కాఫీ దుకాణములోనో చిన్న సభాశాలలోనో ఒక వేదిక, దానిపై నొక మైకు, ప్రక్క నొక యెత్తుపీట, పీటమీద నీళ్లసీసా. ఇంతియే రంగసామగ్రి. తెఱ లేదు, వేషము లేదు, వాద్యము లేదు. ఒక్కడు వచ్చి నిలుచుండి, తన పేరు చెప్పుకొని, తన బాల్యమును, తల్లిదండ్రులను, ఇంజనీరింగు చదువును, పెండ్లిచూపులను, తాను పడిన యవమానములను గంటసేపు చెప్పును. వినువారు నవ్వుదురు. జనులు దీనిని స్టాండప్ కామెడీ యందురు. 2010 సంవత్సరమున బంజారాహిల్సులో వెలసిన లామకాను వంటి వేదికలు దీనికి తావిచ్చినవి. చలనచిత్ర పరిశ్రమయు దీనిని గుర్తించి, 2022లో 'స్టాండప్ రాహుల్' అను చిత్రమున నిట్టి హాస్యకారునే నాయకునిగ జేసినది.

ఈ ప్రదర్శనమును గూర్చి రెండు మాటలు వినవచ్చుచున్నవి. ఇది పాశ్చాత్యుల యనుకరణము, దీనికి మన వాఙ్మయముతో సంబంధము లేదు అనునది పండితుల మాట. ఇది సర్వథా నూతనము, దీనికి పూర్వులు లేరు అనునది ప్రదర్శకులైన యువకుల మాట. పరస్పరము విరోధించునట్లు కనబడినను ఈ రెండును నొకే పొరపాటునుండి పుట్టినవి. దీని యంగములలో ననేకము మన శాస్త్రమునందును, మన వీధులయందును పూర్వమే యున్నవి. నూతనమైన దొక్కటి మాత్రము నిజముగ నున్నది. ఆ యొక్కటి యేదో నిర్ణయించుటయే యీ వ్యాసము యొక్క యుద్దేశము. అది తేలినగాని దీనికి తగిన పేరు దొరకదు. దీని గుణదోషములను విమర్శించుటకు కొలబద్దయు దొరకదు.

శాస్త్రలక్షణము

దశవిధరూపకములలో భాణ మొకటి. ఒకే యంకము, ఒకే పాత్రము దీని ప్రధానలక్షణములు. భరతముని దశరూపలక్షణాధ్యాయమున భాణమును రెండు తెఱగులుగ విభజించినాడు. పాత్రము తాననుభవించినదానిని చెప్పునది యొకటి. ఇతరులను గూర్చి వర్ణించునది రెండవది. మొదటిదానికి 'ఆత్మానుభూతశంసి' యని పేరు. ఒక్కనిచేతనే నడపబడునది గనుక భాణమునకు 'ఏకహార్య' మనుటయు గలదు. పదవ శతాబ్దివాడైన ధనంజయుడును తన దశరూపకమున నీ భేదమును గ్రహించి, నిపుణుడును పండితుడును నగు విటుడు స్వానుభవమునో, పరానుభవమునో వర్ణించుట భాణమని చెప్పెను. కావున ఒక్కడు నిలిచి తన బ్రదుకును తానే చెప్పి జనులను రంజింపజేయుట యను భావము మన లాక్షణికులకు తెలియనిది కాదు.

ఇట్టి రూపకములు లక్షణగ్రంథములకే పరిమితములై యుండలేదు. కుసుమపురము, ఉజ్జయిని మొదలగు నగరముల వీధులను, వేశవాటికలను, దాంభికులను పరిహసించు నాలుగు ప్రాచీనభాణములను 'చతుర్భాణి' యను పేర 1922లో వెలువరించినవారిలో ముఖ్యులు మన మానవల్లి రామకృష్ణకవిగారు. నన్నెచోడుని కుమారసంభవమును లోకమునకు జూపిన చేయియే దీనిని కూడ వెలికి దీసినది. ఇక కొండవీటి ప్రభువగు పెదకోమటి వేమారెడ్డి యాస్థానమున వామనభట్టబాణుడు 'శృంగారభూషణ' మను భాణమును సంస్కృతమున రచించెను. తెలుగున 'క్రీడాభిరామము' భాణము గాదు, వీథి. అందు ఇరువురు మిత్రులు గలరు. అయినను నోరుగల్లు వీధులలో దిరుగుచు గన్నదానినెల్ల నవ్వుచు జెప్పు తీరున నది భాణమునకు దగ్గఱి చుట్టము.

భాణమునందలి యొక యుక్తిని ప్రత్యేకముగ గమనింపవలెను. రంగముపై నున్నవా డొక్కడే, సంభాషణమో, అనేకులతో. ఇది యెట్లు పొసగును? అతడు లేని మనిషివైపు మొగము ద్రిప్పి, 'ఏమనుచున్నావు?' అని యడిగి, వినినట్లు నటించి, ఆ మాటను తానే మరల జెప్పి, దానికి బదులు చెప్పును. దీనికి ఆకాశభాషిత మని పేరు. నేటి హాస్యకారుడు తన తండ్రి మందలింపును చెప్పునపుడు చేయుపని యిదియే. మెడ నొకవైపు ద్రిప్పి తండ్రియగును; మఱియొకవైపు ద్రిప్పి పదియేండ్ల బాలుడగును. భేద మొక్కటి కలదు. అతడు ముందువరుసలో గూర్చున్నవారిని సూటిగ ప్రశ్నించును. వారు నిజముగనే బదులు చెప్పుదురు. ఆ బదులునుండి క్రొత్త హాస్యము పుట్టును. భాణమునందలి యాకాశమునకు నేడు నోరు వచ్చినది.

పిట్టలదొర

శాస్త్రమునుండి వీధికి వత్తము. తెలంగాణ పల్లెలలో పిట్టలదొర యనువాని నెఱుగనివారు పెద్దలలో నరుదు. తుపాకి రాముడని, లత్కోరు సాబని వానికి నామాంతరములు. చినిగిన ఖాకీ దుస్తులు, నెత్తిన దొరటోపీ, భుజమున కొయ్యతుపాకి. పిట్టలను వేటాడు తెల్లదొరను, వాని సిపాయిని పరిహసించు వేషమని దీనిని సాధారణముగ వ్యాఖ్యానింతురు. వాడు వాకిట నిలిచి సలాము చేసి, తన వైభవమును తానే యేకరువు పెట్టును. తన భూములు, తన మేడలు, తన భార్య, తన యత్తవారిల్లు, తాను చేసిన వేటలు, తనకు జరిగిన సన్మానములు, అన్నియు నెడతెగని కోతలు. ఒక వాక్యమున నున్నది మఱుసటి వాక్యమున గొట్టుకొనిపోవును. ఆకాశమంత సంపద చెప్పి, తుదకు గుప్పెడు బియ్యము నడుగును.

పండితులారా, ఇది యేమి? ఒకే పాత్రము; ఉత్తమపురుషకథనము; విషయము తన జీవితము; ఫలము హాస్యము. రూపము మాత్రము విచారించినచో నిది యాత్మానుభూతశంసియే. భరతుడు హాస్యమునకు జెప్పిన విభావములలో వికృతవేషము, అసత్ప్రలాపము అను రెండింటి మీద నిది నిలిచియున్నది. ఈ పాత్ర పేరుతో 'తుపాకి రాముడు' అను చలనచిత్రము 2019లో వచ్చుటచేత నగరవాసులకును దీని స్మృతి కొంత కలిగినది. కాని వాకిటికి వచ్చు పిట్టలదొరలు నేడు విరళులు.

హరికథ, ధ్వన్యనుకరణము, చలనచిత్రము

ఏకపాత్రప్రదర్శనమునకు మన దేశమున మఱి కొన్ని శాఖలు గలవు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) పెంపుచేసిన హరికథలో భాగవతారు ఒక్కడే పాత్రలన్నింటిని వహించును. నడుమ పిట్టకథలతో నవ్వించును. అయినను కథానాయకుడు దైవము. దాసుగారు తమ జీవితమును చెప్పదలచినపుడు గజ్జెలు కట్టి రంగమెక్కలేదు; 'నా యెఱుక' యను గ్రంథమును వ్రాసిరి.

వరంగల్లువాస్తవ్యులైన నేరెళ్ల వేణుమాధవుగారు (1932–2018) ధ్వన్యనుకరణమును కళాస్థాయికి దెచ్చి, 1971లో ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యాలయమునందును ప్రదర్శించిరి. వేదికపై నొక్కరే, కంఠములు వందలు. కాని యా కంఠములన్నియు నితరులవి. మహాత్ముల గొంతులు, నటుల గొంతులు, పక్షుల గొంతులు పలికిన ఆ కళయందు, కళాకారుని సొంత బ్రదుకు కథావస్తువు గాదు.

ఫిలింనగరు హాస్యనటులలోను నిదే తీరు. బ్రహ్మానందముగారు అత్తిలిలో తెలుగు ఉపన్యాసకులుగ నుండి, మిమిక్రీ ప్రదర్శనములు చేసి, 1987లో జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' చిత్రముతో ప్రసిద్ధి గాంచిరి. వేలకొలది జనులను నవ్వించిన పాత్రలు వారివి. ఆ పాత్రల యవమానములు వారివి గావు. తమ జీవితమును తామే చెప్పుటకు వారును గ్రంథమునే యాశ్రయించిరి. 'నేను మీ బ్రహ్మానందమ్' 2023లో వెలువడినది.

మన పూర్వులకు హాస్యరంగమును తెలియును, ఆత్మకథయు తెలియును. ఈ రెంటిని నొక చోట గలుపుట మాత్రము తెలియదనవచ్చును. మునిమాణిక్యము నరసింహారావుగారి 'కాంతం కథలు' ఆ దారిని కొంత దూరము నడచినవి. బడిపంతులు ఇంటి పేదఱికమును, భార్యతోడి సరసమును ఉత్తమపురుషలో జెప్పిన తీరున చదువరులు దానిని గ్రంథకర్త సంసారమనియే తలచిరి. అయిన నది చదువుకొను కథ. చెప్పువాడు శ్రోత యెదుట నిలిచియుండలేదు.

నూతనాంశము

ఇపుడు మన ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. భాణమునందలి 'స్వానుభవము' విటుడను పాత్ర యొక్క యనుభవము. కవి వేఱు, నటుడు వేఱు, విటుడు వేఱు. శృంగారభూషణమును వ్రాసిన వామనభట్టుడు విటుడు గాడు; దానిని నటించినవాడును విటుడు గానక్కఱలేదు. పిట్టలదొర విషయమున కవియు నటుడు నొక్కడే. కాని దొర వేఱు. కోతలు కోయునది దొర. బియ్యము మూటగట్టుకొని యిల్లు చేరునది యా బీదకళాకారుడు. వేషము వానికి కవచము. నేటి ప్రదర్శనమున కవి, నటుడు, పాత్రము మువ్వురు నొక్కడే యైరి. అతడు చెప్పిన పేరు అతని పేరే. అతని తల్లి సభలోనే యుండవచ్చును. తొడుగు కొనుటకు వేషమే లేదు. నూతనత్వ మిదియే, ఇంతియే.

దీని ఫలముగ హాస్యవిభావమును మాఱినది. వికృతవేషము పోయినది, అసత్ప్రలాపము వెనుకబడినది. భరతుడు హాస్యవిభావములలో జేర్చిన 'దోషోదాహరణము' ప్రధానమైనది. అందును పరదోషము గాదు, ఆత్మదోషము. తాను పరీక్ష తప్పుట, ఆంగ్లము రాక నోరు పెగలకపోవుట, పెండ్లిచూపులలో తిరస్కరింపబడుట. తాను నవ్వుట ఆత్మస్థహాస్యమనియు, ఇతరులను నవ్వించుట పరస్థహాస్యమనియు శాస్త్రము. ఇచట వక్త తన్ను జూచి తాను నవ్వుచు, ఆ నవ్వును సభకు పంచిపెట్టుచున్నాడు.

కరుణమునకు తగిన వస్తువు హాస్యమునకు జేరుటయు నిందువలననే. అమెరికా హాస్యకారుడు రిచర్డ్ ప్రయర్ 1980లో ఒళ్లు కాలి మరణమునకు సమీపించి బ్రదికెను. 1982లో వెలువడిన ప్రదర్శనచిత్రమున నా ప్రమాదమునే చెప్పి జనులను నవ్వించెను. అదే దుఃఖమును మఱియొకడు చెప్పినచో నది క్రూరపరిహాసమగును. అనుభవించినవాడు చెప్పుటచేతనే శ్రోతకు నవ్వుటకు అనుమతి లభించినది. ఈ ప్రదర్శనమునకు ప్రాణము ఆ యనుమతియే.

సత్యవిచారము

అనుమతి సత్యము మీద నిలిచినదైనచో, అసత్యము చెప్పినపు డేమగును? ఇది యూహాప్రశ్న గాదు. అమెరికాయందు భారతసంతతివాడైన హసన్ మిన్హాజ్ 2017లో 'హోంకమింగ్ కింగ్' అను స్వీయచరిత్రాత్మకప్రదర్శనముచే ప్రసిద్ధుడయ్యెను. 2023 సెప్టెంబరున న్యూయార్కర్ పత్రిక యతని కథలను పరిశీలించి, వానిలో కొన్ని చెప్పినట్లు జరుగలేదని ప్రకటించెను. కల్పనమును కొంత యంగీకరించి, వానిలో భావసత్యము కలదని యతడు సమర్థించుకొనెను. తరువాత నా పత్రిక తన్ను గూర్చి వ్రాసినది తప్పుదారి పట్టించునదని ప్రత్యుత్తరమును నిచ్చెను. వాదప్రతివాదముల జయాపజయములు మనకు ప్రస్తుతములు గావు. అట్టి వివాదము పుట్టుటయే మనకు ముఖ్యము.

పిట్టలదొర మీద నిట్టి వ్యాజ్యము నెవ్వడును వేయడు. తనకు కోటిరూపాయల ఆస్తి గలదని వాడు చెప్పినచో, తహసీలుదారు వచ్చి లెక్క జూడడు. ఎందుకనగా, వాని యసత్యము అసత్యముగనే కనబడుచున్నది. కొయ్యతుపాకియే 'నా మాట నమ్మకుడు' అని ముందుగ చాటుచున్నది. వక్తకు శ్రోతకు నడుమ నొడంబడిక స్పష్టము. మామూలు చొక్కా తొడుగుకొని, తన పేరు చెప్పి, 'నాకిట్లు జరిగినది' అనువాని యొడంబడిక వేఱు. అతిశయోక్తి యతనికిని కలదు. అలంకారము లేక హాస్యము లేదు. తండ్రి కేక 'మూడు వీధులకు వినబడె' నన్నచో నది యలంకారమని యెల్లవారు నెఱుగుదురు. జరుగని యన్యాయమును జరిగినదని చెప్పి జాలి పొందుట యలంకారము గాదు. గుర్తింపదగిన యసత్యము హాస్యమునకు భూషణము. గుర్తింపరాని యసత్యము దానికి దూషణము. ఈ విమర్శసూత్రమును మనకు నేర్పినది పిట్టలదొరయే.

బంధువులను గూర్చి

మఱియొక చిక్కు కలదు. తన కథను చెప్పువాడు తన కథను మాత్రమే చెప్పజాలడు. తల్లి, తండ్రి, అక్క, మేనమామ అందఱు నా కథలోనికి వత్తురు. వారు రంగమెక్కుటకు సమ్మతించినవారు గారు. న్యూయార్కున తెలుగు తల్లిదండ్రులకు 1982లో జన్మించిన హరి కొండబోలు, అచటి హాస్యకారులలో పేరుగన్నవాడు. 2018లో వెలువడిన యతని ప్రదర్శనమునకు 'మీ బంధువులను హెచ్చరింపుడు' అను నర్థమిచ్చు పేరు గలదు. పరిహాసముగ బెట్టిన పేరే కావచ్చును. దానిని ఈ జాతి ప్రదర్శనములకెల్ల మకుటముగ నుంచవచ్చును.

మన దేశమున నిది మఱింత బరువైన మాట. ఇంటిగుట్టు లంకకు చేటు అను సామెత గలవారము. తెలుగింట తండ్రి యెదుట నిలిచి మాటాడుటకే జంకు బాలుడు, పెద్దవాడై, ముక్కు మొగము తెలియని నూఱుగురి యెదుట నా తండ్రి మాటతీరు ననుకరించుచున్నాడు. ఇది యవిధేయతయా? అన్ని చోట్ల నట్లు గాదు. మంచి ప్రదర్శనమున చివఱకు నవ్వబడువాడు తండ్రి గాడు, తండ్రిని ఆనాడు గ్రహింపలేకపోయిన కొడుకు. ఎవరిని నవ్వింపుచున్నాడన్నది గాక, ఎవరిని జూచి నవ్వింపుచున్నాడన్నది పరీక్ష. బలహీనుని జూచి నవ్వించుట సులభము. తన్ను జూచి నవ్వించుట కష్టము. స్మితము మొదలు అతిహసితము వఱకు నవ్వును ఆఱు విధములుగ విభజించి, ఉత్తమమధ్యమాధమపాత్రములకు పంచిన శాస్త్రకారుడు ఈ తారతమ్యమునకు దారి చూపియే యున్నాడు.

నామనిర్ణయము, కర్తవ్యము

పేరును గూర్చి యొక మాట. స్టాండప్ కామెడీని 'నిలుచుండి చేయు హాస్య' మని మాటకు మాటగ తెలిగించిన నర్థము పొసగదు. హరికథయు నిలుచుండియే చెప్పుదురు. 'ఏకపాత్రాభినయ' మన్నచో పాఠశాలల వార్షికోత్సవములయందలి దుర్యోధనుడు స్ఫురించును, అది పరకీయపాత్రము. పైని నిరూపించినట్లు భాణమునుండి రూపమును, ఆత్మకథనుండి సత్యమును గైకొన్నది గనుక 'స్వానుభవభాణ' మనుట యుక్తమని తోచుచున్నది. జనులు స్టాండప్ అనియే యందురు గాక. శాస్త్రచర్చయందు మన కొక సంజ్ఞ యావశ్యకము.

పేరుకంటె ముఖ్యమైనది కర్తవ్యము. జానపదగేయములను మన పండితులు పల్లెపల్లెకు దిరిగి సేకరించిరి. బిరుదురాజు రామరాజుగారి వంటివారు వానిపై ప్రామాణికగ్రంథములు వ్రాసిరి. పాటకు రాగము గలదు గనుక జ్ఞాపకముండెను, గౌరవమును గలిగెను. పిట్టలదొర వచనధోరణికి రాగము లేదు. భిక్షకుని వదరుబోతుతనముగ దానిని దలచి, నవ్వి, గుప్పెడు గింజలు పెట్టి పంపివేసితిమి. ఒక్కొక్క ముసలి కళాకారునితో నొక్కొక్క పాఠము పోయినది. ఆ మాటలలో నొక కాలపు దొరతనము, ఒక కాలపు ఆకలి, ఒక మండలపు నుడికారము నుండెను.

నేటి స్వానుభవభాణములు యూట్యూబులో నిలిచియున్నవి గదా యందురేమో. నిలిచినవి తునుకలు. పూర్ణప్రదర్శనము రాత్రికి రాత్రి మాఱును. సభికుని బదులుతో కలిసి పుట్టినది మఱునా డుండదు. కావున పండితులును, పాఠశాలోపాధ్యాయులును నీ పని చేయవచ్చును: ప్రదర్శకుని యనుమతి గైకొని, విన్నదానిని విన్నట్లు, మాండలికమును దిద్దక, తేదితో స్థలముతో లిఖించుట, సభ యెచట నవ్వినదో, ఎచట మిన్నకుండినదో గుర్తు వేయుట, సాధ్యమైనచోట రెండు రాత్రుల పాఠములను బోల్చి చూచుట. ప్రాచీనప్రతులను పరిష్కరించుటలో మనకు గల యలవాటే యిచట నుపయోగించును. తాళపత్రమునకు బదులు మనిషి నోరు.

మిగిలియున్న పిట్టలదొరల విషయమున నీ పని మఱింత తొందరైనది. జూబిలీహిల్సు కాఫీ దుకాణమున మైకు ముందు నిలిచిన యువకునికి, తెలంగాణ వాకిట కొయ్యతుపాకితో నిలిచిన ముదుసలి యొక తాత వంటివాడు. మనుమనికి తాత నెఱుకపఱుచుట పండితుల ధర్మము. విజ్ఞులు విచారింతురు గాక.